చెరువు నీళ్ల కెమిస్ట్రీ – 4వ పాఠం: కరిగిన ఆక్సిజన్

పోయిన పాఠంలో పీహెచ్ చూశాం. మీటరు ముంచితే అంకె వచ్చేసింది. ఈసారి అంత తేలిక కాదు. బెంగళూరులో నేను ఎమ్మెస్సీ చదివినప్పుడు మా బ్యాచ్ రికార్డుల్లో ఎక్కువ కొట్టివేతలున్న పేజీ ఇదే.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే ఈ పద్ధతిని హంగరీకి చెందిన లాయోష్ వింక్లర్ 1888లో కనిపెట్టాడు. ఆక్సిజన్‌ను ముందు మాంగనీస్‌కు అప్పగిస్తాం. ఆమ్లం పోశాక ఆ మాంగనీస్ సరిగ్గా అంతే లెక్కకు అయోడిన్‌ను బయటికి తెస్తుంది. ఆ అయోడిన్‌ను థయోసల్ఫేట్‌తో కొలుస్తాం.

ముందు సీసా నింపడం. సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. మొదటిసారి బెళ్లందూరు చెరువులో మగ్గు ముంచి, 300 మి.లీ. బీఓడీ సీసాలోకి (బీఓడీ అంటే నీళ్లలోని మురికిని తినే సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్) బుడబుడమని పోశాను. నురగకూ, 2017 ఫిబ్రవరిలో లేచిన మంటలకూ పేరుమోసిన చెరువది. నా లెక్కలో మాత్రం చేపలు హాయిగా ఈదేటంత ఆక్సిజన్ వచ్చింది. సార్ రికార్డు చూసి, "ఇది చెరువు ఆక్సిజనా, నీ మగ్గు ఆక్సిజనా?" అన్నారు.

కాబట్టి సన్న రబ్బరు గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, నిదానంగా నింపండి. సీసాకు రెండింతల నీళ్లు పొర్లిపోనివ్వండి. బిరడా పెట్టి తలకిందులు చేయండి. బుడగ కనిపిస్తే మళ్లీ మొదటి నుంచే.

తర్వాత చెరువు గట్టు మీదే 2 మి.లీ. మాంగనీస్ సల్ఫేట్, 2 మి.లీ. క్షార అయోడైడ్-అజైడ్ ద్రావణం వేయాలి. పిపెట్ మొన నీటిలో మునిగి ఉండాలి. అజైడ్ విషం, నోటితో పీల్చకుండా బల్బు వాడండి. బిరడా బిగించి తిప్పితే గోధుమరంగు అవక్షేపం వస్తుంది. తెల్లగానే ఉంటే ఆక్సిజన్ లేనట్టే. "ల్యాబ్‌కెళ్లి కలుపుదాంలే" అనుకున్నారో, ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు సిగ్నల్ దాటేలోపు బాక్టీరియా ఉన్నదంతా తినేస్తుంది.

అజైడ్ ఎందుకంటారా? మురుగు కలిసిన నీళ్లలో నైట్రైట్ ఉంటుంది. దాన్ని అజైడ్ అణచకపోతే, టైట్రేషన్ (థయోసల్ఫేట్‌ను చుక్కచుక్కగా వదిలి కొలవడం) చివర్లో, స్టార్చ్ వేస్తే వచ్చే నీలం పోయాక కూడా మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. ఒకసారి అజైడ్ లేని సీసా తెచ్చుకుని మధ్యాహ్నమంతా ఆ నీలంతోనే గడిపాను.

ల్యాబ్‌లో 2 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే అవక్షేపం కరిగి పల్చటి డికాషన్ రంగుకు వస్తుంది. అందులో 200 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ గాఢత ఉన్న థయోసల్ఫేట్ చుక్కలు వదలండి. ఎండుగడ్డి రంగు వచ్చాకే స్టార్చ్. నేను ముందే పోయబోతుంటే ల్యాబ్ అసిస్టెంట్ "అవసర బేడ" అన్నాడు. అవసరం లేదంటున్నాడేమో అనుకుని మూత పెట్టేశాను. కన్నడంలో 'అవసర' అంటే తొందర! స్టార్చ్ లేకుండా ఆ లేత పసుపు ఎప్పుడు పోయిందో పట్టుకోలేక ఆ సీసా వృథా అయింది. అతనిది మంచి సలహాయే. తొందరపడి వేస్తే అయోడిన్ స్టార్చ్‌ను పట్టుకుని ఓ పట్టాన వదలదు.

నీలం పోయిన చోట బ్యూరెట్ చూడండి. ఈ కొలతల్లో 1 మి.లీ. అంటే లీటరుకు దాదాపు 1 మి.గ్రా. ఆక్సిజన్. స్నానానికి కనీసం 5, చేపలకు 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ. 25 డిగ్రీల దగ్గర గాలితో సంతృప్తమైన మంచినీళ్లలో చెన్నైలో దాదాపు 8.3 ఉంటే, బెంగళూరులో 7.4 దాకానే. ఊరు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి తక్కువ. మా క్లాసులో చాలామంది పుస్తకంలోని 8.3 రాసి వైవాలో దొరికిపోయారు.

అభ్యాసం: ఒకే చెరువు, ఒకే చోటు. ఉదయం 6 గంటల సీసాకు 2.1 మి.లీ., మధ్యాహ్నం 3 గంటల సీసాకు 10.3 మి.లీ. థయోసల్ఫేట్ పట్టింది. బుడగ లేదు, అజైడ్ వేశారు. మరి 7.4 దాటి ఎలా వచ్చింది? రెండుసార్లూ నీళ్లు ఆకుపచ్చగానే ఉన్నాయి. జవాబు రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో ఇలాగే నింపిన వేరే సీసాలను 27 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 3 రోజులు ఉంచి బీఓడీ తీస్తాం.