ఇంట్లో పాట రికార్డింగ్: లోపం ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

పాట సరిగా రాలేదనిపించగానే చాలామంది కొత్త ప్లగిన్ల (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు సాధనాల) వేటలో పడతారు. ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. మిగతా ట్రాకులు, ఎఫెక్టులు ఆపేసి గొంతు ఒక్కటే వినండి. అప్పుడూ బాగా లేకపోతే తప్పు రికార్డింగులోనే ఉంది. దాన్ని మిక్సింగుతో కప్పిపుచ్చడం దండగ.

పాడుతుంటే గొంతు ఆలస్యంగా వినిపిస్తోంది

కారణం బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కొంతకొంతగా పోగుచేసుకునే తాత్కాలిక నిల్వ. 48,000 హెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు) దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ నిండడానికే 21 మిల్లీసెకన్లు పడుతుంది. శబ్దం లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది, తాళం జారిపోతుంది. పాడేటప్పుడు 128 పెట్టండి, చిటపటలు వస్తే 256. మిక్సింగప్పుడు మళ్లీ 1024. విండోస్‌లో మీ ఇంటర్‌ఫేస్‌కు (మైకును కంప్యూటరుకు కలిపే పరికరానికి) వచ్చిన, ఆలస్యం తగ్గించే ఏసియో (ASIO) డ్రైవరునే ఎంచుకోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో మాత్రం పాడకండి, ఏ సెట్టింగూ ఆ ఆలస్యాన్ని తీర్చలేదు.

శ్రుతి పెరిగింది, పాట కూడా పరుగెడుతోంది

44,100 దగ్గర రికార్డయిన ఫైలును కంప్యూటర్ 48,000గా చదువుతోంది. ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎటూ కాని చోట పడుతుంది, ఏ హార్మోనియం మెట్టుతోనూ కలవదు. ప్రాజెక్టు, ఇంటర్‌ఫేస్ రెండింటిలోనూ ఒకే శాంపిల్ రేటు ఉంచండి.

గొంతు స్నానాలగదిలో పాడినట్టుంది

మన ఇళ్లలో బోసి గోడలు, టైల్స్ నేల. గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి, గణగణమని తోక వినిపిస్తుంది. ఒకసారి రికార్డయ్యాక ఆ తోకను పూర్తిగా తీసేయడం ఏ ప్లగిన్ వల్లా కాదు. బరువైన బొంతను మైకు వెనక కాదు, పాడేవారి వీపు వెనక వేలాడదీయండి. కార్డియాయిడ్ మైకు ఎదుటివైపునే బాగా వింటుంది, మీ వెనక గోడ నుంచి తిరిగివచ్చే శబ్దం నేరుగా దానిలో పడుతుంది. నోటికీ మైకుకూ జానెడు దూరం చాలు. గోడలకు గుడ్ల అట్టలు అంటించడం వృథా ప్రయాస, అంత పలుచని అట్ట శబ్దాన్ని పీల్చుకోలేదు. ఫ్యాను ఆపక తప్పదు.

'ప', 'భ' దగ్గర గాలి దెబ్బ తగులుతుంటే మైకును కాస్త పక్కకు తిప్పండి.

పైస్థాయిలో గొంతు పగులుతోంది

గెయిన్ (మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మోతాదు) ఎక్కువైంది. పల్లవితో కాదు, చరణంలోని అతి పై స్వరంతో సరిచూసి, శిఖరం మైనస్ 6 డెసిబెల్ దాటకుండా ఉంచండి. పగిలిన చోట మళ్లీ పాడటమే మేలు.

హెడ్‌ఫోన్లలో బాగుంది, ఫోనులో సాహిత్యం వినబడటం లేదు

గొంతు వాల్యూమ్ పెంచకండి. హల్లుల స్పష్టత ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, గిటారు, హార్మోనియం కూడా అక్కడే కమ్ముకుంటాయి. ఈక్యూతో (ఒక్కో హెర్ట్జ్ శ్రేణిని విడిగా పెంచి తగ్గించే సాధనంతో) వాటిని ఆ చోట రెండు మూడు డెసిబెళ్లు తగ్గించండి, గొంతు మీది రివర్బ్ (గది మోతలాంటి ఎఫెక్ట్) కూడా కాస్త దించండి. తర్వాత మోనోలో (ఎడమ, కుడి శబ్దాలను ఒకటిగా కలిపి), వాల్యూమ్ బాగా తగ్గించి వినండి. ఇంకా ఏ మాట అందకపోతే ఆ మాట దగ్గర మాత్రమే ట్రాక్ స్థాయిని చేత్తో పెంచండి.