పాత పెట్రోలు కారు మైలేజీ పడిపోయిందా? ఫిల్టరు మార్చే ముందు చక్రాలు చూడండి

నాది 2009 మోడల్ ఆల్టో. 796 సీసీ, మూడు సిలిండర్ల ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటరు లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలు పోసే) బండి. హైవే మీద లీటరుకు 17, 18 ఇచ్చేది, ఉన్నట్టుండి 12కి దిగింది. షెడ్డుకు తీసుకెళ్తే ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు, ఆయిల్ మార్చి బిల్లు చేతిలో పెట్టారు. మైలేజీ మాత్రం 12 దగ్గరే కూర్చుంది. చివరికి తేలిందేమిటంటే, ముందు ఎడమ చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది, ఇంజిన్‌లో వేడిని అదుపు చేసే వాల్వు, అంటే థర్మోస్టాట్, అసలు లేనే లేదు. రెండూ ఇంటి ముందే, పైసా ఖర్చు లేకుండా కనిపెట్టగలిగినవి. అందుకే కింద చెప్పేదంతా చేత్తో, కంటితో, ముక్కుతో పట్టుకోగలిగిన వాటితోనే మొదలవుతుంది.

"మైలేజీ తగ్గినట్టుంది" (కానీ లెక్క లేదు)

ఐదు వందల రూపాయలకు కొట్టించి ముల్లు ఎంత దిగిందో చూడటం కొలత కాదు. బంకులో మొదటి టక్ శబ్దానికి గన్ ఆగేదాకా ఫుల్ చేయించి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. కనీసం 250 కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ మొదటి టక్ దాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా రెండు మూడు ట్యాంకులు చూస్తే గానీ అంకెను నమ్మొద్దు.

ఇంకో మెలిక. టైర్లు మార్చినప్పుడు సైజు పెంచారా? 145/80 ఆర్13 బదులు 155/80 ఆర్13 వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు 2.8 శాతం పెరుగుతుంది. మీటరు 100 చూపించేసరికి బండి దాదాపు 103 కిలోమీటర్లు నడిచి ఉంటుంది. అక్కడ తగ్గింది మైలేజీ కాదు, లెక్క.

న్యూట్రల్‌లో వదిలితే బండి తొందరగా ఆగిపోతోంది

మొదట గాలి. ఉదయం బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. పంచర్ షాపులో "అన్నిటికీ 35 కొట్టేశా సార్" అంటే ఒప్పుకోకండి. టైరు ఒక అంచున మాత్రమే అరిగినా, స్టీరింగు ఒక పక్కకు లాగినా అలైన్‌మెంట్ చేయించాలి.

గాలి సరిగ్గా ఉన్నా బండి దొర్లడం లేదంటే బ్రేకులు. పాత బండ్లలో పెట్రోలు తాగే అసలు దొంగ ఇదే, ఎవరూ దీని జోలికి పోరు. ఎందుకంటే బ్రేకు బాగానే పడుతుంది, వదలదు అంతే. పరీక్ష తేలిక. ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకు వాడుతూ నడపండి. ఆపగానే చేతి వెనక భాగాన్ని ఒక్కో చక్రం రిమ్ము దగ్గరకు తీసుకెళ్లండి. తాకనక్కర్లేదు, సెగ తెలుస్తుంది. ముందు రెండు చక్రాలూ ఒకేలా ఉండాలి. ఒకటి గోరువెచ్చగా ఉండి రెండోది పెనంలా కాలుతుంటే ఆ పక్క బ్రేకు పట్టేసినట్టే. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే ఇంకా రూఢి అవుతుంది. చక్రం ఒక చుట్టు కూడా తిరగకుండా ఆగిపోతుంది.

ముందు డిస్క్ బ్రేకుల్లో కారణం ఎక్కువగా కాలిపర్ (డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) పిన్నులు ఎండిపోవడం, లేదా రబ్బరు చిరిగి లోపలి పిస్టన్‌కు తుప్పు పట్టడం. పిన్నులు తీసి శుభ్రం చేసి, బ్రేకులకని విడిగా దొరికే గ్రీజు పూయాలి. షెడ్డులో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు రాస్తే రబ్బర్లు ఉబ్బి మళ్లీ మొదటికే వస్తుంది. పిస్టన్ కదలకపోతే కాలిపర్ కిట్ వేయించాలి. వెనక చక్రాలు వేడెక్కుతుంటే హ్యాండ్ బ్రేకు కేబులు చూడండి. వాన నీళ్లు దిగి తుప్పు పడితే లివరు కిందికి దించినా కేబులు వెనక్కి రాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా ముందే మొదలవుతుంది.

టెంపరేచరు ముల్లు ఎప్పుడూ కిందే ఉంటోంది

చాలామంది దీన్ని మంచి లక్షణం అనుకుంటారు. "నా ఇంజిన్ అస్సలు వేడెక్కదు" అని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూశాను. నేనూ చెప్పుకున్నాను.

మన దగ్గర కథ ఇలా నడుస్తుంది. మే నెల ఎండలో బండి ఒకసారి హీటెక్కి ఆగిపోతుంది. మెకానిక్ థర్మోస్టాట్ పీకేసి, రేడియేటరు ఫ్యాన్‌ను ఎప్పుడూ తిరిగేలా డైరెక్టు చేసి, "మన ఎండలకు అది అక్కర్లేదు" అని పంపిస్తాడు. ఆ తర్వాత బండి హీటెక్కదు నిజమే. కానీ థర్మోస్టాట్ పని ఇంజిన్‌ను చల్లబరచడం కాదు, త్వరగా వేడెక్కించడం. ఇంజిన్‌లో తిరిగే కూలెంట్ ద్రవం దాదాపు 80 డిగ్రీలు దాటేదాకా దాన్ని రేడియేటరులోకి పోనివ్వదు. అది లేకపోతే, ముఖ్యంగా చలికాలం రాత్రి హైవే మీద, ఇంజిన్ పూర్తి వేడికి రాదు. పెట్రోలు ఎంత పోయాలో తేల్చే కంప్యూటర్ (ఈసీఎం) దృష్టిలో అది ఇంకా చల్లని ఇంజినే. అందుకని స్టార్ట్ చేసిన కొత్తలో పోసినట్టే పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది.

తెల్లవారుజామున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటరు పైభాగానికి వచ్చే లావు గొట్టం మీద చెయ్యి పెట్టండి, ఫ్యాన్‌కు దూరంగా. థర్మోస్టాట్ బాగుంటే ఆ గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతూ పోతే థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది.

కొత్తది, దాని గాస్కెట్టుతో సహా వేయించండి. రిపేరీల్లో చవకైన వాటిలో ఇదొకటి. కుళాయి నీళ్లు కాకుండా కూలెంట్ పోయించి, గాలి బుడగలు పోయేలా బ్లీడ్ చేయించండి. ఫ్యాన్ వైరింగు మళ్లీ మామూలుగా కలిపించండి. అప్పుడు బండి హీటెక్కితే రేడియేటరు మూసుకుపోయిందని అర్థం, మొదట్లో చేయాల్సింది ఆ రిపేరే. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటరు మూత మాత్రం తీయకండి.

రోజూ రెండు కిలోమీటర్లు రైతు బజారుకు వెళ్లి వచ్చే బండికి థర్మోస్టాట్ ఉన్నా పెద్ద తేడా ఉండదు. వేడెక్కేలోపే ఆపేస్తారు కాబట్టి. దానికి రిపేరు లేదు.

సైలెన్సరు నల్లగా మసి, పెట్రోలు వాసన

వాసన బానెట్ దగ్గరో, బండి కిందో వస్తుంటే మిగతా పరీక్షలన్నీ ఆపండి. అది లీకు, మైలేజీ సమస్య కన్నా ముందు అగ్గి సమస్య. పైపులు చూపించేదాకా బండి తీయొద్దు.

వాసన పొగలోనే ఉంటే, మెకానిక్కులు అనేట్టు బండి రిచ్ కొడుతోంది. ఒక ప్లగ్గు విప్పించి చూడండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే దహనం బాగుంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. ప్లగ్గులు మార్చినా కొత్తవి మళ్లీ నల్లబడతాయి, మసి రోగం కాదు, లక్షణమే కాబట్టి. కూలెంట్ టెంపరేచరు సెన్సరు, ఆక్సిజన్ సెన్సరు, కారుతున్న ఇంజెక్టరు: ఈ వరుసలో చూపించండి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఒకటి గమనించాలి. తాళం తిప్పి స్టార్ట్ చేయకముందు ఇంజిన్ చెక్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. తాళం తిప్పినప్పుడు కూడా వెలగకపోతే, అమ్మినవాడు బల్బు తీసేశాడేమో చూడండి. బజారులో దొరికే చవక స్కానర్లు మరీ పాత బండ్లకు అన్నిసార్లూ పలకవు, కంపెనీ స్కానరు ఉన్న చోటికే వెళ్లాలి.

ఎయిర్ ఫిల్టరు సంగతి. ఇంజెక్షన్ బండిలో వచ్చే గాలిని కొలిచి, దానికి తగ్గట్టే పెట్రోలు పోస్తారు. ఫిల్టరు మూసుకుపోతే పికప్ తగ్గుతుంది తప్ప మైలేజీ పెద్దగా కదలదు. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షించి తేల్చింది కూడా ఇదే. కార్బురేటరు కాలం బండ్లకు మాత్రం తేడా వస్తుంది. ఆ కాలపు మారుతి 800 ఉంటే చోక్ పూర్తిగా లోపలికి వెళ్తోందో లేదో ముందు చూడండి.

ఇంజిన్ అరుస్తోంది, బండి కదలడం లేదు

ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 45 స్పీడులో వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. శబ్దం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే కాలిన వాసన వచ్చేది దీనివల్లే. కేబుల్ క్లచ్ అయితే ముందు పెడల్‌ నొక్కిన మొదట్లో కాస్త వదులు (ఆట) ఉందో లేదో చూపించండి, ఒక్కోసారి బిగింపు సరిచేస్తే చాలు. లేదంటే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి మార్చాలి.

ఏసీ వేస్తే ఇలా అవుతోందంటే వేరే సంగతి. చిన్న ఇంజిన్‌కు కంప్రెసర్ పెద్ద బరువే. సాయంత్రం పూట కూడా కంప్రెసర్ మధ్యమధ్య టక్‌మని ఆగకపోతే కండెన్సరు (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) మీద దుమ్ము కడిగించి, గ్యాసు చూపించండి.

అన్నీ బాగున్నాయి, అయినా లీటరుకు ఒక కిలోమీటరు తగ్గింది

ఇది బంకు నుంచి వస్తోంది. ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పాత కార్లకు ఈ20 వల్ల 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. అంటే 16 ఇచ్చే బండి 15 ఇస్తుంది. దీన్ని ఏ మెకానిక్కూ తిరిగి తేలేడు, బాటిల్లో అమ్మే మందులూ తేలేవు. మీ చేతిలో ఉన్నది రబ్బరు పైపులే. పదిహేనేళ్ల నాటి పెట్రోలు పైపులు ఇంత ఇథనాల్‌కు తట్టుకునేలా చేసినవి కాకపోవచ్చు. వంచి చూసినప్పుడు పగుళ్లు కనిపించినా, మెత్తబడినా, ఇథనాల్‌కు పనికొచ్చే పైపులు అడిగి క్లిప్పులతో సహా మార్పించండి.