డిమెన్షియా రిపోర్టులో ప్రొటీన్ల పేర్లు: ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి, ఎలా చదవాలి

డాక్టర్ చీటీ మీద ‘డిమెన్షియా’ అని ఒక్క మాటే ఉంటే పని సగమే అయినట్టు. అది లక్షణాల పేరే గానీ జబ్బు పేరు కాదు. మెదడులో ఏ ప్రొటీన్ పాడైందో తేలితేనే ఏ మందు పనికొస్తుందో, ఏ మందు ప్రాణం మీదికి తెస్తుందో తెలుస్తుంది. ఇవి కంచంలో ఉండే ప్రొటీన్లు కావని ముందే గుర్తు పెట్టుకోండి. పప్పు, గుడ్లు మాన్పిస్తే ఇవి తగ్గవు. పెద్దవాళ్లకు కండ కరిగి, పడిపోయే ముప్పు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఏది పాడైతే ఏమవుతుంది

ప్రొటీన్ సరైన పద్ధతిలో మడత పడితేనే పనిచేస్తుంది. మడత తప్పినవి ఒకదానికొకటి అంటుకుని పేరుకుపోతాయి. వయసు పైబడేకొద్దీ వాటిని తొలగించే ఏర్పాటూ మందగిస్తుంది.

అల్జీమర్స్‌లో పాడయ్యేవి రెండు. నరాల కణాల పొరలో ఉండే ఏపీపీ అనే పెద్ద ప్రొటీన్‌ను ఎంజైములు కత్తిరిస్తే వచ్చే తునక అమిలాయిడ్ బీటా. 40 అమైనో ఆమ్లాల తునకతో పెద్ద ఇబ్బంది లేదు, 42 ఉన్నదానికే జిగురెక్కువ. అది కణాల బయట ఫలకాలుగా పేరుకోవడం మతిమరుపు బయటపడటానికి 15-20 ఏళ్ల ముందే మొదలవుతుంది. రెండోది టౌ. కణం లోపల సరుకు రవాణాకు సన్నని గొట్టాలుంటాయి. పందిరి రాటలను తాళ్లు పట్టి ఉంచినట్టు టౌ వాటిని నిలబెడుతుంది. దానికి ఫాస్ఫేట్లు మితిమీరి అంటుకుంటే ఊడిపోయి, కణం లోపలే చిక్కులు పడుతుంది. జ్ఞాపకశక్తి ఎంత దెబ్బతిన్నదో ఫలకాల కన్నా ఈ చిక్కులే బాగా చెబుతాయి. 1906లో ఆలోయిస్ అల్జీమర్ తన రోగి మెదడులో చూసి వివరించినవి ఈ ఫలకాలూ, చిక్కులే.

ఆల్ఫా సిన్యూక్లిన్ అనే మరో ప్రొటీన్ ముద్దకడితే లూయీ బాడీ డిమెన్షియా. టీడీపీ-43 అనే ప్రొటీన్ గానీ టౌ గానీ మెదడు ముందుభాగంలో చేరితే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా. 80 దాటినవాళ్లలో ఒకటికి మించి ఉండటం మామూలే, చిన్న చిన్న పక్షవాతాల దెబ్బ కూడా తోడవుతుంది.

ముందు ఇంట్లో రాసుకోవాల్సింది

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక పేజీ రాయండి: మొట్టమొదట మారింది ఏమిటి, ఏ ఏడాది. ఇప్పుడున్న లక్షణాల జాబితా కన్నా ఈ వరసకే విలువెక్కువ.

చెప్పిందే చెప్పడం, పొద్దున తిన్నది మరిచిపోవడంతో మొదలైతే అల్జీమర్స్ వైపు చూస్తారు. లేని మనుషులు, పిల్లలు, జంతువులు స్పష్టంగా కనబడటం, ఒకరోజు బాగుండి మరుసటి రోజు అయోమయం, నడక నెమ్మదించడం, నిద్రలో కలకు తగ్గట్టు అరవడం, తన్నడం ఉంటే లూయీ బాడీ. ఈ నిద్ర లక్షణం మతిమరుపుకు ఎన్నో ఏళ్ల ముందే రావచ్చు, పక్కన పడుకునేవాళ్లనే అడగాలి. అరవై లోపే సిగ్గు, మర్యాద తప్పి ప్రవర్తించడం, తీపి మీద విపరీతమైన యావ, లేదా మాటలు దొరక్కపోవడం కనిపిస్తే ఫ్రంటోటెంపోరల్. ఇలాంటివాళ్లు తరచూ ముందు మానసిక వైద్యుల దగ్గరే ఏళ్లు గడిపేస్తారు.

వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. అలర్జీకి ఫెనిరమైన్, వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్, నిద్రకని అమిట్రిప్టిలిన్... ఇవి చాలు మతిమరుపు తెప్పించడానికి.

ప్రొటీన్ పరీక్ష కన్నా ముందు

బీ12, థైరాయిడ్, సోడియం, కాల్షియం, షుగర్, కిడ్నీ, లివర్, సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు, ఎంఆర్‌ఐ ముందు చేయించాలి. బీ12 లోపం, థైరాయిడ్ మందగించడం, తలలో పాత రక్తపు గడ్డ వంటివి సరిదిద్దగలిగినవి. ఎంఆర్‌ఐ సెంటర్లో ‘బ్రెయిన్’ అని మాత్రమే చెబితే చాలదు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ భాగం కనబడే కరోనల్ (ఎదుటి నుంచి చూసినట్టుండే) చిత్రాలు, చిన్న రక్తస్రావాలు పట్టిచ్చే ఎస్‌డబ్ల్యూఐ కావాలని చీటీలో రాయించుకోండి.

జ్ఞాపకశక్తి పరీక్ష రోగి మాట్లాడే భాషలోనే జరగాలి. తెలుగులోకి మలిచిన పరీక్షలున్నాయి. ఇంగ్లిష్ ప్రశ్నాపత్రంలో మార్కులు తగ్గాయని జబ్బు తేల్చడం న్యాయం కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఒక్క భాషే వచ్చినవాళ్ల కన్నా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైంది. చదువు రానివాళ్లలోనూ తేడా కనిపించింది. దాని అర్థం ప్రొటీన్ చేరలేదని కాదు, దెబ్బను మెదడు ఇంకొన్నాళ్లు తట్టుకుందని.

ప్రొటీన్ పరీక్షలు

*వెన్ను నీరు.* నడుము దగ్గర వెన్నులోంచి సూదితో తీసే నీరు ఇది. ఇక్కడ అందరూ తికమకపడేది ఒకటుంది: అల్జీమర్స్‌లో అమిలాయిడ్ బీటా 42 తగ్గుతుంది, టౌ పెరుగుతుంది. 42 మెదడులో ఫలకాలకు అతుక్కుపోయి నీటిలోకి రాదు కాబట్టి తగ్గడమే చెడ్డ సంకేతం. 42 ఒక్కటే కాకుండా 42/40 నిష్పత్తి అడగండి, పుట్టుకతోనే రెండూ తక్కువగా ఉండేవాళ్ల విషయంలో అదే కాపాడుతుంది. నీటిని పాలీప్రొపిలీన్ గొట్టంలోనే తీయాలి. గాజుకూ, పాలీస్టైరీన్‌కూ ఈ ప్రొటీన్ అంటుకుంటుంది. ఒక గొట్టం నుంచి ఇంకోదానికి ఒంపినకొద్దీ కూడా తగ్గిపోతుంది. అలా లేని జబ్బు రిపోర్టులో పుడుతుంది. నమూనా తీసేలోపే ల్యాబ్‌ను అడిగి గొట్టం తెప్పించుకోవడం మంచిది.

*రక్తంలో పీ-టౌ 217.* అంటే ఫాస్ఫేట్ అంటుకున్న టౌ. సూదిపోటుతో అయిపోయే పరీక్షల్లో ఇప్పటికి ఇదే మేలు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో జబ్బు లేకున్నా పెరుగుతుంది, క్రియాటినిన్ రిపోర్టు పక్కన పెట్టుకుని చదవాలి. అటూ ఇటూ కాని మధ్య అంకె వస్తే వెన్ను నీరో, పెట్ స్కానో తప్పదు. లక్షణాలు లేనివాళ్లు కుతూహలం కొద్దీ చేయించుకోవద్దు. డెబ్బై ఏళ్ల ఆరోగ్యవంతుల్లోనూ దాదాపు నాలుగో వంతు మందికి మెదడులో అమిలాయిడ్ ఉంటుంది. వారిలో చాలామందికి జబ్బు ఎన్నటికీ బయటపడదు.

*పెట్ స్కాన్.* మామూలుగా ‘పెట్’ అని రాస్తే చేసేది ఎఫ్‌డీజీ పెట్. అది మెదడు చక్కెరను ఎక్కడెక్కడ వాడుకుంటోందో చూపిస్తుంది, ప్రొటీన్‌ను కాదు. అమిలాయిడ్ పెట్ వేరు, దాని రసాయనం వేరు. డబ్బు కట్టే ముందు ఏది చేస్తున్నారో అడగండి. ఎఫ్‌డీజీకి షుగర్ అదుపులో లేకపోతే చిత్రం పనికిరాదు.

టీడీపీ-43కి మాత్రం ఆసుపత్రిలో మామూలుగా చేసే పరీక్ష ఏదీ లేదు. లక్షణాలు, ఎంఆర్‌ఐ, కొన్ని కుటుంబాల్లో జన్యు పరీక్షే ఆధారం.

పేరు తేలాక

లూయీ బాడీ అని అనుమానమున్నా చాలు, ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాయండి: ‘హాలోపెరిడాల్ ఇవ్వకూడదు’. రాత్రిపూట రోగి గలాటా చేస్తే వార్డులో ముందు గుర్తొచ్చేది ఆ ఇంజెక్షనే. వీళ్లకు దానితో ఒళ్లు బిగుసుకుపోయి మంచం పట్టవచ్చు, ప్రాణమూ పోవచ్చు. అదే లూయీ బాడీలో మతిమరుపుకు ఇచ్చే డొనెపెజిల్, రివాస్టిగ్మిన్ మందులు బాగా పనిచేస్తాయి. ఫ్రంటోటెంపోరల్‌లో అవే మందులు చికాకు పెంచుతాయి.

అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్, డొనానెమాబ్ తొలిదశ అల్జీమర్స్‌కే, అదీ పరీక్షలో అమిలాయిడ్ రుజువయ్యాకే. లెకానెమాబ్ ప్రయోగంలో 18 నెలలకు క్షీణత 27 శాతం నెమ్మదించింది. అంకెల్లో చూస్తే 18 పాయింట్ల కొలబద్ద మీద తేడా 0.45. పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. మెదడు వాపు 12.6 శాతం మందికి కనిపించింది. ఏపీఓఈ4 జన్యువు రెండు ప్రతులున్నవాళ్లకు ముప్పు ఎక్కువ కాబట్టి మొదలుపెట్టే ముందే ఆ పరీక్ష చేయించాలి. మొదటి నెలల్లో చెప్పిన తేదీకే ఎంఆర్‌ఐ తీయించాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చాలావరకు వద్దంటారు.

ఈ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవారికి తలనొప్పి, చూపు మసక, మాట తడబాటు వస్తే అది పక్షవాతంలాగే ఉంటుంది. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే మందు పేరు చెప్పండి, చీటీ రోగి జేబులోనే ఉంచండి. పక్షవాతం అనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే మెదడులో ప్రాణాంతక రక్తస్రావం జరగవచ్చు.