ఉప్పునీటి మొక్కల అక్వేరియం: లక్షణం, కారణం, పరిష్కారం

తనంతట తానే నడిచే సముద్రపు తొట్టి అంటే మూత బిగించి మరిచిపోయేది కాదు. నీరు ఆవిరవుతుంది, పెరిగిన నాచును కత్తిరించాలి, తీసిన పోషకానికి బదులు కొంత వేయాలి. అరిజోనాలో 1991లో ఎనిమిది మందిని లోపల ఉంచి మూసిన బయోస్ఫియర్ 2 అనే గాజు ప్రయోగశాలలో చిన్న సముద్రం కూడా ఉంది. అంత పెద్ద కట్టడంలోనే ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14 శాతం దరిదాపులకు పడిపోయి, బయటినుంచి నింపాల్సి వచ్చింది.

నా అభిప్రాయంలో, మొక్కల తొట్టిలో సమస్యలకు మురికి కన్నా పోషకాల ఆకలే ఎక్కువగా కారణం. అందుకే కడగడానికి ముందు టెస్ట్ కిట్ తీయండి.

కొత్త తొట్టిలో జీవులు వరుసగా చనిపోతున్నాయి

అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఇంకా స్థిరపడలేదు. ఇందుకు సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా జంతువులను వేయకండి. నాచును ముందే వేయవచ్చు.

ఇసుక మీద గోధుమ రంగు పొర

వేలితో తుడిస్తే పొడిలా పోతే అవి సూక్ష్మ నాచు జాతులైన డయాటమ్‌లు. నీటిలోని సిలికా అనే ఖనిజం అయిపోగానే వాటంతట అవే తగ్గుతాయి, ఏమీ చేయనక్కరలేదు. జిగటగా, తీగలు సాగుతూ, లోపల గాలిబుడగలతో ఉండి, రాత్రి తగ్గి వెలుగు రాగానే మళ్లీ కమ్ముకుంటే ఈదగలిగే సూక్ష్మజీవులైన డైనోఫ్లాజెల్లేట్లు అయి ఉండవచ్చు. మైక్రోస్కోప్ కింద చూస్తే అనుమానం తీరుతుంది.

ఇక్కడే చాలామంది తలకిందులుగా వెళతారు. మురికి అనుకుని నీళ్లు మారుస్తారు, నురుగుతో మలినాలు తీసే స్కిమ్మర్‌ను ఉధృతంగా నడుపుతారు. నిజానికి నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయినప్పుడే ఈ డైనోఫ్లాజెల్లేట్లు తరచుగా చెలరేగుతాయి. పోటీ పడాల్సిన నాచు, బాక్టీరియా ఆకలితో చతికిలబడతాయి. నీటి మార్పిడి ఆపండి, ఫాస్ఫేట్‌ను పీల్చే పదార్థాలు తీసేయండి. నైట్రేట్‌ను లీటరుకు 5-10 మిల్లీగ్రాముల స్థాయికి, ఫాస్ఫేట్‌ను 0.05-0.1 మిల్లీగ్రాముల స్థాయికి మెల్లగా పెంచండి. రాత్రి నీటిలోకి తేలివచ్చే జాతులకు యూవీ దీపం పనిచేస్తుంది, ఇసుకలోనే ఉండిపోయేవాటికి కాదు. కొన్ని జాతులు విషపూరితం, వాటిని తిన్న నత్తలు చనిపోతాయి.

కాలర్పా తెల్లబడింది, నీళ్లు పాలలా మారాయి

కాలర్పా అనే నాచు ఎంత పెద్దగా పెరిగినా ఒకే కణం. సంతానోత్పత్తికి దిగితే లోపలి సరుకంతా నీటిలో వదిలేసి, ఖాళీ తొడుగుగా మిగులుతుంది. అది కుళ్లుతూ ఆక్సిజన్‌ను లాగేస్తుంది. వెంటనే తెల్లబడినదంతా తీసేసి, గాలి పంపు పెట్టి, యాక్టివేటెడ్ కార్బన్ వేసి, నీళ్లు మార్చండి; నీళ్లు మార్చడం తప్పనిసరి అయ్యే సందర్భం ఇది. ముదరనివ్వకుండా తరచూ కత్తిరిస్తే ముప్పు తగ్గుతుంది. కొందరు దీపాన్ని రాత్రింబవళ్లూ వెలిగించే ఉంచుతారు. ఇంత కాపలా నచ్చకపోతే కీటోమార్ఫా అనే దారపు ఉండలాంటి నాచు మేలు. కత్తిరించిన ముక్కలను ఎండబెట్టి పారేయండి, కాలువలో వేయకండి. 1984లో మొనాకో తీరంలో కనిపించిన కాలర్పా టాక్సిఫోలియా ఆ తర్వాత మధ్యధరా సముద్రంలో విస్తారంగా పాకింది.

కీటోమార్ఫా పాలిపోయింది

నైట్రేట్ ఉన్నా రంగు లేకపోతే ఇనుము తక్కువని అనుమానించండి. ఉండ మధ్యలో మాత్రమే కుళ్లుతుంటే ప్రవాహం, వెలుగు లోపలికి చేరడం లేదు. విడదీసి పలచగా పరచండి.

సముద్రపు గడ్డి ఆకులు రాలుస్తోంది

ఇది నాచు కాదు, వేర్లున్న పూల మొక్క. నాటిన కొత్తలో పాత ఆకులు రాల్చడం మామూలే, కుదురుకోవడానికి నెలలు పడుతుంది. 10 నుంచి 15 సెంటీమీటర్ల సన్నని ఇసుక ఇచ్చి, కాండాన్ని పైపైనే పాతండి. మొదళ్లు నల్లబడి, కుళ్లిన గుడ్ల వాసన వస్తే ఇసుకలో సల్ఫైడ్ పేరుకుంది. ఇసుకంతా ఒక్కసారిగా కలపకండి, విషవాయువు బయటికొస్తుంది. ఆహారం తగ్గించి, ఇసుకను గుల్లచేసే పురుగులను వదలండి.

తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

చీకట్లో మొక్కలూ ఆక్సిజన్‌నే వాడతాయి. నీటి ఉపరితలం కదిలేలా పంపు తిప్పండి. నాచును తొట్టికి కలిపిన పక్క అరలో ఉంచి, ప్రధాన తొట్టి దీపం ఆరినప్పుడు అక్కడ దీపం వెలిగేలా పెడితే పీహెచ్ కూడా అంతగా పడదు.

ఉప్పు శాతం పెరుగుతోంది

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. ఆర్‌ఓ మంచినీటితోనే భర్తీ చేసి సాంద్రతను 1.025 దగ్గర నిలపండి.

కోపెపాడ్‌లు మాయమయ్యాయి

చిన్న రొయ్యల్లాంటి ఈ సూక్ష్మజీవులను చేప తినేసింది. చేప చేరలేని అరలో వాటిని పెరగనివ్వండి. మాండరిన్ చేపను మాత్రం చిన్న తొట్టిలో వేయకండి. ఉన్న కోపెపాడ్‌లన్నిటినీ తినేస్తుంది, పొడి ఆహారం చాలావరకు ముట్టదు, చివరికి చిక్కి చనిపోతుంది.