తాబేలు పిల్లకు ఇల్లు ఎలా అమర్చాలి?

తాబేలు పిల్ల మీ ఇంటికి శనివారం వస్తుందంటే, బుధవారం నాటికే దాని ఇల్లు తయారై, మట్టి తడిసి, దీపాలు వెలుగుతూ ఉండాలి. చాలా ఇళ్లలో దీనికి రివర్స్‌లో జరుగుతుంది. ముందు పిల్ల వస్తుంది, తర్వాత దానికి ఏమేం కావాలో వెతకడం మొదలవుతుంది. కుక్కపిల్లయితే ఆ రెండు రోజులూ ఏదోలా సర్దుకుంటుంది. పదిహేను గ్రాములు కూడా తూగని తాబేలు పిల్లకు అలా సర్దుకునే శక్తి లేదు.

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడి మన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఎక్కువగా అడిగే తాబేలు హెర్మన్ జాతిది. ఇటలీ, దక్షిణ ఫ్రాన్స్, గ్రీస్, బాల్కన్ ప్రాంతాల్లోని పొదల మధ్య బతికే నేల తాబేలు ఇది. మా ఇంట్లో ఉన్నదీ అదే. ఇక్కడ చెప్పే కొలతలు, వేడి లెక్కలు అన్నీ ఈ జాతికి సంబంధించినవే. వేరే జాతి తెచ్చుకునేవాళ్లు దాని అవసరాలు విడిగా తెలుసుకోవాలి.

ముందు చట్టం సంగతి. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లను చూసిన వాళ్లకు అలాంటిది ఇంట్లో ఉంటే బాగుండునని అనిపించడం సహజం. కానీ మన దేశంలో నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. 2022లో చేసిన సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో, అంటే అత్యంత కఠినమైన రక్షణ ఉన్న జాబితాలో పెట్టింది. ఎవరైనా అమ్మజూపితే అది అడవిలోంచి దొంగతనంగా పట్టి తెచ్చిందే అనుకోవాలి. దయచేసి కొనకండి. బ్రిటన్‌లో హెర్మన్ తాబేలు కొనాలంటే అమ్మేవాళ్ల దగ్గర ఆర్టికల్ 10 సర్టిఫికెట్, అంటే రక్షిత జాతి జంతువును అమ్మడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం ఉండాలి, అది మీ చేతికి రావాలి. అమెరికాలో డిప్ప పొడవు 4 అంగుళాల కంటే తక్కువ ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మడం 1975 నుంచి నిషేధం. పిల్ల తాబేళ్లను పట్టుకున్న పిల్లలకు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకడమే అందుకు కారణం.

ఇల్లంటే పెట్టె కాదు

మా మొదటి తప్పు చెప్తాను. షాపులో అమ్మే రెడీమేడ్ సెట్ తెచ్చాం. అందమైన చెక్క పెట్టె, అడుగున పొడి చెక్క పొట్టు, పైన ఒక బల్బు. చూడ్డానికి శుభ్రంగా ఉండేది. కొన్ని నెలలకు వెటర్నరీ డాక్టర్‌కు చూపిస్తే, ఆవిడ డిప్ప మీద వేలు పెట్టి చూపించారు. నున్నగా ఉండాల్సిన పలకలు ఒక్కొక్కటీ చిన్న చిన్న గుట్టల్లా లేస్తున్నాయి. గాలి, మట్టి మరీ పొడిగా ఉండటం వల్ల అలా అవుతుందని చెప్పారు. ఒకసారి లేచిన పలకలు మళ్లీ చదునుగా మారవు. ఇప్పటికీ దాని వీపు తడిమితే ఆ నెలలు చేతికి తగులుతాయి.

చాలాకాలం పాటు ఈ గుట్టలకు కారణం ఎక్కువ ప్రోటీన్ తిండి అని అందరూ అనుకునేవారు. 2003లో వియన్నాలో ఆఫ్రికా సల్కేటా తాబేలు పిల్లల మీద చేసిన పరిశోధనలో, తిండిలోని ప్రోటీన్ కంటే చుట్టూ ఉన్న గాలిలోని తేమే ఎక్కువ తేడా చూపించింది. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. ఎండ దేశపు తాబేలైనా, పిల్లగా ఉన్నప్పుడు అది బయట తిరగదు. పొదల కింద, రాలిన ఆకుల అడుగున, తడి మట్టిలో దాక్కుని బతుకుతుంది. కాసేపు వెచ్చబడటానికి బయటికొస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది. మనం అమర్చాల్సింది ఆ చిన్న జాగానే: పైన ఎండ, కింద తడి, మధ్యలో నీడ. ఈ మూడూ కుదిరితే పెట్టె పాత పుస్తకాల బీరువాది అయినా ఫర్వాలేదు.

మొదటి పని: పెట్టె

నిజంగానే పాత పుస్తకాల అరను వెల్లకిలా పడుకోబెట్టి, మధ్య పలకలు తీసేస్తే మంచి తాబేలు బల్ల అవుతుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే ఒక పిల్లకు మొదటి రెండు మూడేళ్లు సరిపోతుంది. గోడలు 30 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. లోపల తడి మట్టి వేస్తాం కాబట్టి, చెక్క పాడవకుండా అడుగున, గోడలకు సగం ఎత్తు వరకు మందపాటి ప్లాస్టిక్ షీటు పరవండి.

చేపల అద్దాల తొట్టి వద్దు. అద్దం ఉందని తాబేలుకు అర్థం కాదు. బయటికి పోవాలని రోజంతా గోడను గీరుతూనే ఉంటుంది. గాలి కూడా సరిగా ఆడదు. పెట్టె పైభాగం తెరిచి ఉండాలి. అయితే చలికాలం హీటర్లు నడిచే ఇళ్లలో గాలి బాగా ఎండిపోతుంది కాబట్టి, దీపాలు లేని సగం మీద ఒక పలకో, అక్రిలిక్ షీటో కప్పితే తేమ నిలుస్తుంది.

ఒక పెట్టెలో ఒక్కటే పిల్ల. తోడు కోసం రెండు తెస్తే అవి ఆడుకోవు. ఒకటి రెండోదాన్ని తిండి దగ్గరికి, వెలుతురు దగ్గరికి రానివ్వదు. పోట్లాట కంటికి కనిపించదు, ఒకటి మాత్రం ఎదగదు.

రెండో పని: మట్టి

తోట దుకాణాల్లో టాప్‌సాయిల్ అని సంచుల్లో దొరికే మట్టి, పిల్లల ఇసుక గుంటల్లో వేసే కడిగిన ఇసుక తీసుకోండి. మూడు పాళ్లు మట్టికి రెండు పాళ్లు ఇసుక. మట్టి సంచి మీద ఎరువులు, పురుగుమందులు కలిపినట్టు ఉంటే అది పనికిరాదు. కొబ్బరి పీచు పొడి కొంత కలిపితే తేమ ఎక్కువసేపు ఆగుతుంది. మొత్తం 6 నుంచి 8 సెంటీమీటర్ల లోతు ఉండాలి. పిల్ల పూర్తిగా మట్టిలో కూరుకుని పడుకోగలగాలి, లోతు అందుకే.

తేమ ఎంత ఉండాలో చేత్తోనే తెలుస్తుంది. గుప్పెడు మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. పై పొర కొద్దిగా పొడిగా, అడుగు తడిగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. రెండు మూడు రోజులకోసారి మూలల్లో నీళ్లు పోస్తే అవి అడుగుకు దిగుతాయి. పైపైన చిలకరిస్తే గంటలో ఆరిపోతుంది. తడిగా, చల్లగా రెండూ ఉంటే మాత్రం పిల్లకు జలుబు చేసి ఊపిరితిత్తుల దాకా పోతుంది. తేమ ఉన్న చోట వెచ్చదనం కూడా ఉండాలి.

చెక్క పొట్టు, రంపపు పొట్టు, మొక్కజొన్న కండెల ముక్కలు వేయొద్దు.

మూడో పని: ఎండ

డబ్బు మిగుల్చుకోవాలనే ఆలోచన ఇక్కడ పెట్టుకోవద్దు. మీరు పెట్టెలోకి రెండు విడివిడి విషయాలు తేవాలి: వేడి, అతినీలలోహిత కాంతి. అందులో బి రకం, అంటే యూవీబీ, లేకపోతే తాబేలు శరీరంలో డి3 విటమిన్ తయారు కాదు. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. కిటికీ పక్కన పెట్టాం కదా, ఎండ పడుతోంది కదా అనుకుంటారు చాలామంది. కిటికీ అద్దం యూవీబీని దాదాపు లోపలికి రానివ్వదు.

యూవీబీ కోసం టీ5 రకం ట్యూబ్‌లైటు, వెనక రిఫ్లెక్టర్ ఉన్నది తీసుకోండి. పెట్టె పొడవులో సగం వరకు వస్తే చాలు, మిగతా సగం నీడ. ఎంత ఎత్తులో కట్టాలో తయారీదారు ప్యాకెట్ మీద రాస్తారు, దాన్ని తప్పకుండా పాటించండి. ట్యూబు మామూలుగానే వెలుగుతూ ఉన్నా, లోపలి యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. బిగించిన తేదీ ట్యూబు చివర రాసిపెట్టి, ఏడాదికి మార్చేయండి.

వేడి కోసం వెడల్పుగా వెలుగు పడే హాలోజన్ బల్బు ఒకటి, ట్యూబు పక్కనే. మొదట 50 వాట్లతో మొదలుపెట్టండి. పింగాణీ హోల్డర్ వాడాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. బల్బు నిటారుగా కిందికి చూడాలి. పక్క నుంచి వాలుగా పడితే వెలుగు దాని కళ్లలో కొడుతుంది. గొలుసుతో గట్టిగా వేలాడదీయండి. క్లిప్పుతో తగిలించిన బల్బు జారి మట్టిలో పడితే ఇల్లే అంటుకోవచ్చు.

బల్బు కింద నేల మీద 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అవతలి చివర 20 నుంచి 22. ఈ తేడా చాలా అవసరం, ఎందుకంటే తాబేలు తన ఒంటి వేడిని తనే నడిచి సర్దుకుంటుంది. పెట్టె అంతా ఒకే వేడి ఉంటే దానికి తప్పించుకునే దారి లేదు. టైమర్ పెట్టి రెండు దీపాలూ రోజుకు 12 గంటలు వెలిగించండి. రాత్రి చీకటిగా ఉండాలి. ఎర్ర బల్బులు, నీలం బల్బులు అక్కర్లేదు. రాత్రి గది 15 డిగ్రీల కంటే చల్లబడితే, వెలుగు ఇవ్వని సిరామిక్ హీటరును, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో పెట్టుకోవచ్చు. అడుగున వేడి చేసే మ్యాట్లు మాత్రం వద్దు. వేడి ఎక్కువైతే మట్టిలోకి తవ్వుకోవడం తాబేలు స్వభావం. కింద నుంచే వేడి వస్తుంటే అది ఎటు పోవాలి?

నాలుగో పని: రాయి, నీడ, నీళ్లు

బల్బు కింద ఒక పలచని నాపరాయి పెట్టండి. వెచ్చగా ఉంటుంది, నడుస్తుంటే గోళ్లు కూడా అరుగుతాయి. చుట్టూ ఎత్తుపల్లాలు ఎక్కువ లేకుండా చూడండి. తాబేలు పిల్ల వెల్లకిలా పడితే తిప్పుకోవడానికి కాలికి ఏదో ఒకటి ఆనాలి. సరిగ్గా బల్బు కిందే పడి, తిప్పుకోలేక వేడికి చనిపోయే పిల్లలున్నాయి. అందుకే అక్కడ నిటారు అంచులేవీ ఉంచొద్దు.

చల్లని చివర పూలకుండీని సగానికి కోసి బోర్లించండి, లోపల తడిపిన స్ఫాగ్నమ్ నాచు పరవండి. మా పిల్ల రోజులో ఎక్కువ భాగం అక్కడే గడుపుతుంది. ఇంకొక దాపు మధ్యలో ఉంటే ఇంకా మంచిది. నీళ్లకు మట్టి కుండీ కింద పెట్టే మూకుడు చాలు, మట్టిలోకి దించి అంచు నేలతో సమంగా ఉంచాలి. నీళ్లు దాని గడ్డం దాటకూడదు.

ఐదో పని: ఖాళీ ఇంటిని నడిపి చూడడం

పిల్ల రాకముందు కనీసం రెండు రోజులు అన్నీ ఆన్ చేసి ఉంచండి. డిజిటల్ థర్మామీటర్ తీగను ఒకసారి రాయి మీద, ఒకసారి చల్లని మూలలో పెట్టి పొద్దున, మధ్యాహ్నం, అర్ధరాత్రి చూసి రాసుకోండి. వేడి ఎక్కువైతే బల్బు కాస్త పైకి, తక్కువైతే కిందికి. ఈ రెండు రోజుల ఓపిక తర్వాత నెలల టెన్షన్ తప్పిస్తుంది.

పిల్ల వచ్చిన రోజు

ముందు గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు నిలబెట్టండి. నీళ్లు పై డిప్ప, కింది డిప్ప కలిసే చోటి వరకే. అది తాగుతుంది, మూత్రం పోస్తుంది. తెల్లని పేస్టులాంటిది వస్తే కంగారు పడకండి, అది మామూలే. ఇసుకలా గరగరలాడితే మాత్రం ఒంట్లో నీళ్లు తక్కువైనట్టు. మొదటి ఏడాది ఈ స్నానం రోజూ చేయించడం మంచిది. ఆ గిన్నెను వంటింటి సింకులో కడగకండి. తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఐదేళ్ల లోపు పిల్లల్ని చూడనివ్వండి, పట్టుకోనివ్వకండి.

తర్వాత రాయికి దగ్గరగా దించి వదిలేయండి. పిల్లలకు ఇది కష్టంగా ఉంటుంది, తెలుసు. మా అమ్మాయి మొదటి వారమంతా పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. చూడటం వరకే, ఎత్తుకోవడం లేదని ముందే ఒప్పించాం. ఒకటి రెండు రోజులు అది తినకపోయినా, ఎక్కువ నిద్రపోయినా ఫర్వాలేదు. ముక్కు కారుతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, కళ్లు ఉబ్బినా ఆలస్యం చేయకుండా సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తిండి

డాండెలియన్, క్లోవర్, సో థిజిల్, ప్లాంటెయిన్ లాంటి కలుపు మొక్కలు, మందార ఆకులు, పూలు. ఈ ప్లాంటెయిన్ మన అరటికాయ కాదు, పచ్చికలో మొలిచే వెడల్పాకుల కలుపు మొక్క. పురుగుమందు కొట్టని చోట కోసుకోండి. పొద్దున బల్బు కింద కాసేపు వెచ్చబడ్డాక, దాని డిప్ప ఎంత ఉందో అంత కుప్ప పెట్టండి. వారానికి మూడు నాలుగు సార్లు కాల్షియం పొడి చిటికెడు చల్లండి. మనింట్లో పాలకూర, తోటకూర ఎప్పుడూ ఉంటాయి కదా అని వాటిని రోజూ పెట్టకండి, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. పండ్లు, అన్నం, కుక్కల తిండి అసలే వద్దు.

ఆ తర్వాత

వారానికోసారి డిజిటల్ త్రాసు మీద తూచి తేదీతో రాసుకోండి. కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటే బాగున్నట్టు. వరసగా రెండు వారాలు తగ్గితే డాక్టర్‌ను కలవండి. చలికాలపు దీర్ఘనిద్ర గురించి ఆ డాక్టర్‌తోనే మాట్లాడండి, మొదటి ఏడాది సొంతంగా ప్రయత్నించకండి.

ఎండాకాలం వెచ్చని రోజుల్లో తోటలో చిన్న దడి కట్టి వదలండి. ఏ దీపమూ ఆ ఎండకు సాటి రాదు. దడి మీద తప్పనిసరిగా వల కప్పాలి. ఇక్కడి కాకులకు, మ్యాగ్‌పై పిట్టలకు ఇంతటి పిల్ల ఒక్క ముక్కుపోటు. లోపల నీడ, నీళ్లు ఉండాలి, సాయంత్రం చల్లబడకముందే లోపలికి తేవాలి.

ఏదో ఒక రోజు పొద్దున లేచి చూస్తే పెట్టెలో పిల్ల కనిపించదు. కుండీ కింద ఉండదు, రాయి దగ్గర ఉండదు. అప్పుడు మట్టి మొత్తం తవ్వేయకండి. చల్లని మూలలో మట్టి కొద్దిగా పొంగినట్టు ఉంటుంది, అక్కడే తడిలో కూరుకుని నిద్రపోతుంటుంది. దీపాలు వెలిగాక ఓ గంట ఆగండి, తనే బయటికొచ్చి రాయి మీదికి నడుస్తుంది.