బతుకమ్మ తేదీ మళ్లీ తప్పకుండా

హనుమకొండలో మా ప్రింటింగ్ ప్రెస్ కంప్యూటర్ 2025 అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మ అని చూపించింది. ఆ రోజు దసరా! సద్దుల బతుకమ్మ కూడా అప్పటికే పద్మాక్షి గుట్ట దగ్గర నీళ్లలో కలిసిపోయింది. 2024 తేదీకి నేనే ‘ప్రతి ఏటా’ అని పెట్టాను. తిథి పండుగ కదా, ఈసారి సెప్టెంబర్ 21నే మొదలైంది.

పాతవన్నీ తీసేసి, థండర్‌బర్డ్‌లో (ఈమెయిల్, క్యాలెండర్ ప్రోగ్రామ్) ‘సెలవులు’ పేరుతో వేరే క్యాలెండర్ తెరిచాను. ఇది చాలా ముఖ్యం. పొరపాటు జరిగితే దాన్ని ఒక్కదాన్నే తొలగించవచ్చు, ఆర్డర్ల గడువుల జోలికి పోనక్కరలేదు. జనవరి 26, జూన్ 2, ఆగస్టు 15లకు మాత్రమే ‘ప్రతి ఏటా’. ఉగాది, బతుకమ్మ, దసరా ప్రభుత్వ సెలవుల జాబితా చూసి ఏటేటా చేర్చుతాను. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరను 2026 జనవరి 28 నుంచి 31 వరకు ఒకే ఎంట్రీగా వేశాను.