ఈసీయూ మనమే కడదాం – 6వ పాఠం: గాలి సెన్సర్‌కు మూడు గిన్నెలు

ఈసీయూ అంటే ఇంజిన్‌కు ఎంత పెట్రోలు పోయాలో లెక్క కట్టే చిన్న కంప్యూటర్. గాలి సెన్సర్ ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడిని కొలుస్తుంది, వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ (ఓమ్‌లు) తగ్గుతుంది. పోయిన పాఠంలో ఈసీయూ బోర్డు మీదున్న 2,490 ఓమ్‌ల రెసిస్టర్ గురించి చూశాం. 5 వోల్టులను ఆ రెసిస్టరూ సెన్సరూ పంచుకుంటాయి, సెన్సర్ వాటాకు వచ్చిన వోల్టేజీని ఈసీయూ చదువుతుంది. మనమే కట్టుకునే ఈసీయూలైన మెగాస్క్విర్ట్, స్పీడ్యూనో రెండింటిలోనూ మామూలుగా ఇదే విలువ. మీ బోర్డులో వేరేది ఉంటే ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇన్ని వోల్టులంటే ఇంత వేడి అని ఈసీయూకు ఎవరో చెప్పాలి. చెప్పకపోతే తన దగ్గరున్న పట్టికతోనే లెక్క కట్టేస్తుంది. గాలి నిజంగా 35 డిగ్రీలు ఉండి, అది 45 అనుకుందనుకోండి. కెల్విన్లలో అవి 308, 318. గాలి ఉన్నదానికంటే పలచగా ఉందనుకుని 3 శాతం పెట్రోలు తగ్గిస్తుంది. మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు ఉండదు. మీరేమో ఫ్యూయల్ టేబుల్‌లో (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టికలో) తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

మల్టీమీటర్, వంటింటి డిజిటల్ థర్మామీటర్, ఐసు, స్టవ్ ఉంటే చాలు. జ్వరం చూసే థర్మామీటర్ మాత్రం వద్దు, 42 దాటితే దానికి చదవడం రాదు.

సెన్సర్‌ను మూడు వేర్వేరు వేడుల నీళ్లలో ముంచి, దాని రెండు పిన్నుల మధ్య ఓమ్‌లను మల్టీమీటర్‌తో కొలుస్తాం. మొదటి గిన్నె ఐసుది. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి బాగా నలగ్గొట్టి, సందులు నిండేంత వరకే నీళ్లు పోయండి. నీళ్లు ఎక్కువైతే ఐసు పైన తేలుతుంది, అడుగున 4 డిగ్రీల నీళ్లు మిగులుతాయి. సెన్సర్ మూతి మాత్రమే మునగాలి. కనెక్టర్ పిన్నులు తడిస్తే వాటి మధ్య నీళ్లే ఇంకో రెసిస్టర్‌లా పనిచేసి రీడింగ్ తగ్గిపోతుంది. అయిదు నిమిషాలు కలుపుతూ ఉండి, మల్టీమీటర్ అంకె కదలడం ఆగాక రాసుకోండి.

రెండోది గోరువెచ్చని నీళ్లు, 40 డిగ్రీల దగ్గర. సరిగ్గా 40 రావాలన్న పట్టింపు లేదు, థర్మామీటర్ ఎంత చూపిస్తే అంతే రాయండి. మూడోది మరిగే నీళ్లు. విశాఖలో అయితే 100 అనుకోవచ్చు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ 98 దగ్గరే మరుగుతాయి. సెన్సర్ గిన్నె అడుగుకు తగలనివ్వకండి.

మార్కెట్లో ఎక్కువగా దొరికేవి జీఎం, బాష్ కంపెనీల రకాలు. జీఎం రకం సెన్సర్ 0 దగ్గర సుమారు 9,400, 40 దగ్గర 1,460, 100 దగ్గర 177 ఓమ్‌లు చూపాలి. బాష్ రకమైతే 5,900, 1,175, 187. చివరి జత చూడండి: మరిగే నీళ్లలో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, ఐసులోనే తేడా తెలుస్తుంది. లేబుల్ చెరిగిపోయిన సెన్సర్ కొన్నప్పుడు నేను ముందు ఐసులోనే ముంచుతాను.

మూడే ఎందుకంటే, స్టైన్‌హార్ట్, హార్ట్ అనే ఇద్దరు 1968లో సముద్ర పరిశోధన కోసం ఇచ్చిన, ఓమ్‌ల నుంచి వేడిని లెక్కగట్టే సమీకరణంలో తెలియని సంఖ్యలు మూడు. మూడు కొలతలు ఇస్తే మిగతా గీతంతా సాఫ్ట్‌వేరే గీసుకుంటుంది. అందుకే అవి దూరదూరంగా ఉండాలి. 25, 30, 35 అని పక్కపక్కనే తీసుకుంటే చిన్న తప్పు కూడా అటు చివర పెద్దదైపోతుంది.

ఇక ఈసీయూను కంప్యూటర్ నుంచి సెట్ చేసే సాఫ్ట్‌వేర్ ట్యూనర్‌స్టూడియోలో టూల్స్ మెనూకి వెళ్లి, ఉష్ణోగ్రత కాలిబ్రేషన్‌లో గాలి సెన్సర్‌ను ఎంచుకుని, బోర్డు రెసిస్టర్ విలువ, వేడి–ఓమ్‌ల మూడు జతలు కొట్టండి. కొట్టే ముందు యూనిట్ చూడండి. ఇక్కడ నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. ప్రాజెక్టు ఫారెన్‌హీట్‌లో ఉంది, నేను సెల్సియస్ అంకెలు కొట్టాను. మధ్యాహ్నం తెర మీద 35 కనిపించింది, బయట కూడా 35. బ్రహ్మాండం అనుకున్నాను. ఈసీయూ దృష్టిలో అది 35 ఫారెన్‌హీట్, అంటే 2 డిగ్రీల లోపు చలి! 308ని 275తో భాగిస్తే 1.12. పన్నెండు శాతం ఎక్కువ పెట్రోలు తాగి బండి నల్లపొగ వదులుతుంటే, పాపం ఇంజెక్టర్లను అనుమానించి విప్పేశాను.

హోంవర్క్: బండిని రాత్రంతా నీడలో ఉంచి, తెల్లారి స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. గాలి సెన్సర్ రీడింగ్, బానెట్ కింద పెట్టిన థర్మామీటర్ రీడింగ్ ఒకటి రెండు డిగ్రీల తేడాలో కలవాలి. కలవకపోతే ముందు ఐసు గిన్నె మళ్లీ పెట్టండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే జరుగుతుంది.

కలిశాక ఒకసారి బండి తిప్పి, ఇంజిన్ ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. అంకె బాగా పైకి పోతే కంగారుపడి కాలిబ్రేషన్ మార్చకండి. అది ఇంజిన్ వేడి సెన్సర్‌కు పాకడం. సెన్సర్‌ను ఎక్కడ బిగించాలన్నది 7వ పాఠంలో చూద్దాం, ఆ రెండు రీడింగులూ దగ్గర పెట్టుకోండి.